ఒకటి పలకలేదు

లాకప్‌లో ములాఖత్‌కి బాలశౌరికి ఇచ్చిన టైమ్ పాతిక నిమిషాలు. పదకొండు ఇరవైకి మొదలైంది. అందులో నాలుగు నిమిషాలు డాక్టర్ లాజరస్ కళ్ళద్దాలు తుడుచుకోవడానికే ఖర్చయిపోయాయి.

"డాక్టర్ గారూ, అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. మొదలుపెడదామా?"

"సారీ అండి. చేతులు ఊరుకోవట్లేదు."

ఆ చేతులకి ఉంగరం లేదు. బెల్టుతో పాటు దాన్నీ తీసేసుకున్నట్టున్నారు, వేలి చుట్టూ చర్మం పాలిపోయి ఉంది. ఆస్ట్రేలియాలోని టూవూంబా ఆసుపత్రిలో తొమ్మిదేళ్ళుగా రోగులకి మత్తిచ్చి నిద్రపుచ్చే మనిషికి ఐదు రోజులుగా కునుకు లేదు.

పోయిన శనివారం ఆయన ఇటలీ తుపాకీ ఒకటి బేరం చేయడానికి ఊరి బయటున్న హాలరన్ షాపుకి వెళ్ళారు. మూడున్నరకి మరో కస్టమర్ వచ్చేసరికి హాలరన్ అదే తుపాకీ దెబ్బకి చచ్చి పడి ఉన్నాడు. అతని భాగస్వామి టిల్లీ తల పగిలి పక్కన పడి ఉన్నాడు. డాక్టర్ భార్య ప్రేమలీల సిడ్నీ పక్కనున్న పారమట్టాకి ఫోన్ చేసి ఏడిస్తే, అక్కడ చిన్న ప్రైవేట్ డిటెక్టివ్ ఆఫీసు నడుపుకునే బాలశౌరి రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చాడు. ఈ రోజు నాలుగింటికి కోర్టు. మేజిస్ట్రేట్ పోలీసుల కాగితం నమ్మాడంటే బెయిల్ లేదు, డాక్టర్ సాయంత్రానికల్లా బ్రిస్బేన్ జైల్లో ఉంటారు.

"షాపులోకి ఎన్నింటికి వెళ్ళారు?"

"రెండు పదికండి. బయటికొచ్చింది రెండు నలభై ఐదుకి."

"అప్పటికి హాలరన్?"

"బతికే ఉన్నాడు. కారు దాకా వచ్చాడు కూడాను. ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు."

"టిల్లీ?"

"మనిషిని చూళ్ళేదు. పక్కన వర్క్‌షాప్‌లో ఎవరో ఆకురాయితో అరగదీస్తున్న చప్పుడొచ్చింది. నేను తుపాకీ గొట్టాలు మోగించగానే ఆ చప్పుడు ఆగిపోయింది."

బాలశౌరి పెన్ను ఆగింది. టిల్లీ వాంగ్మూలం అతని దగ్గరుంది. రెండుంపావుకి వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చీ రాగానే ఎవరో తల మీద కొట్టారనీ, ఆ తర్వాత ఆసుపత్రిలో కళ్ళు తెరిచేదాకా ఏమీ తెలియదనీ అందులో ఉంది.

"మోగించడమేంటి? నాకు తుపాకుల గురించి ఓనమాలు కూడా రావు. మొదట్నించి చెప్పండి."

మత్తు డాక్టర్ ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. "ఇటలీ తుపాకీ అనగానే అందరూ ఆ చెక్కుడు బొమ్మలు చూసి మురిసిపోతారండి. పిట్టలూ, తీగలూ. మా నాన్నగారు ఏలూరు మిషన్ స్కూల్ హెడ్మాస్టరు, సెలవొస్తే కొల్లేట్లో బాతులు కొట్టేవారు. బొమ్మలు తర్వాత చూద్దువుగాని, ముందు కీలు చూడరా అనేవారు. ముందు గొట్టాల కిందున్న చెక్క ఊడదీయాలి. తుపాకీ మూసి గొట్టాలు పట్టుకుని ఊపాలి. కీలు దగ్గర వెంట్రుకవాసి కదిలినా అరిగిపోయినట్టే. తర్వాత పైన మీట. మూసినప్పుడది నడిమికి కుడిపక్కన ఆగితే ఇంకా ఆయుష్షున్నట్టు, ఎడమకి దాటిపోతే దాని పని అయిపోయినట్టు."

"తర్వాత?"

"ఉత్తుత్తి తూటాలు వేసి రెండు ట్రిగ్గర్లూ నొక్కాలి. తెరవగానే రెండూ ఒక్కసారే బయటికి ఎగరాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా ఎగిరితే లోపల స్ప్రింగులు తగువాడుకుంటున్నాయన్నమాట. అవన్నీ బాగానే ఉన్నాయండి. ఆఖర్న గొట్టాలు విప్పి, వాటి అడుగున కొక్కెం ఉంటుంది, దాన్ని వేలికి తగిలించి గాల్లో వేలాడదీసి తట్టాలి. రెండు గొట్టాల్నీ కలిపి టంకం వేస్తారు కదా, ఆ అతుకు గట్టిగా ఉంటే చర్చి గంటలా మోగుతుంది. ఎక్కడన్నా ఊడితే పగిలిన కుండ."

"దేంతో తట్టారు?"

"ఉంగరంతో. బంగారం మెత్తన కదా, గీత పడదు. అప్పటికి రెండున్నర దాటింది."

"ఈ సంగతి పోలీసులతో అన్నారా?"

"లాయర్ గారు నోరు విప్పొద్దన్నారు. మీకే చెప్పడం." డాక్టర్ ముందుకి వంగారు. "ఆ పెట్టెలో రెండు జతల గొట్టాలున్నాయండి. ఒకే తుపాకీకి పొడుగు జత, పొట్టి జత. ఏది కావాలంటే అది తగిలించుకోవచ్చు. దాని ధరంతా అందుకే. పొడుగు జత బ్రహ్మాండంగా మోగింది. పొట్టి జత మోగలేదు. ఇది ఇటలీలో వేసిన టంకం కాదు, ఎవరో ఇక్కడ అతికించి పైన అదే నంబరు కొట్టారు, నాకొద్దు అని హాలరన్‌తో చెప్పేశాను. అతని ముఖం అప్పుడే మారిపోయింది."

బాలశౌరి పోలీసుల జాబితా తిరగేశాడు. తుపాకీ ఒకటి, గొట్టాలు ఒక జత, తోలు పెట్టె ఒకటి. పొట్టి జత ఊసే లేదు.

"రెండు జతలున్నాయని ఇంకెవరికైనా తెలుసా?"

"హాలరన్‌కి." ఆ హాలరన్ ఇప్పుడు లేడు.

"సరే, షాపు నుంచి వస్తూ పెట్రోల్ బంకు దగ్గర ఫోన్ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశారు. రెండు యాభై ఏడుకి. ఇంట్లో మాటలు రికార్డయ్యే మెషీన్‌లో ఏం చెప్పారు?"

"లీల ఇంట్లో లేదు, డ్యూటీలో ఉంది. తుపాకీ బాలేదు, వచ్చేస్తున్నాను అన్నట్టు గుర్తు."

"ఈ కాగితంలో అలా లేదు." బాలశౌరి టైపు చేసిన ఇంగ్లీషు కాగితాన్ని ముందుకి తోశాడు. లాయర్ చేతికి ఆ పొద్దున్నే అందిన కాగితం అది. ఐ బీట్ దెమ్ బోత్. వన్ డిడ్ నాట్ స్పీక్. ఐ లెఫ్ట్ ఇట్. ఇద్దర్నీ బాదాను, ఒకడు నోరెత్తలేదు, అంతటితో వదిలేశాను. ఒక శవం, ఒక పగిలిన తల. లెక్క కుట్టించినట్టు సరిపోయింది.

డాక్టర్ లాజరస్ దాన్ని రెండుసార్లు చదివారు. ఆయనకి భయమేసింది. బూత్‌లో చిల్లర వేసి మాట్లాడింది తనేనని మొదటి రోజే ఒప్పుకున్నారు. ఇప్పుడు తన నోటితో తనే ఈ గోడలు కట్టుకున్నట్టయింది.

"నేనిలా అన్నానా బాలశౌరి గారూ? మతిపోయిందా నాకు?"

కానిస్టేబుల్ తలుపు తట్టాడు. టైమ్ అయిపోయింది.

* * *

డిటెక్టివ్ సార్జెంట్ మెర్సర్‌కి ప్రైవేట్ డిటెక్టివ్‌లంటే గిట్టదు. సిడ్నీ నుంచి వచ్చినవాళ్ళంటే మరీ గిట్టదు. పన్నెండు నలభైకి బాలశౌరిని లోపలికి రానిచ్చాడంటే, లాయర్ రాతపూర్వకంగా అడగడం వల్లే.

"టేప్ ఒక్కసారి వినిపిస్తాను. మా ట్రాన్స్‌లేటర్ కూడా ఇక్కడే ఉంది. తర్వాత నువ్వు నీ దారి, నేను నా దారి," అన్నాడు ఇంగ్లీషులో.

ట్రాన్స్‌లేటర్ పేరు బిమల. ఫిజీలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి. అక్కడి రాజధాని సూవాలో టీచర్‌గా పనిచేసి, పందొమ్మిది వందల ఎనభై ఏడులో సైన్యం తిరగబడిన గొడవల తర్వాత కుటుంబంతో ఇక్కడికి వచ్చి లైబ్రరీలో పనిచేస్తోంది. ఊళ్ళో తెలుగు వచ్చినవాళ్ళ కోసం మెర్సర్ వెతికితే ఒకరు లాకప్‌లో ఉన్నారు, ఇంకొకరు ఆయన భార్య. ఆ తర్వాత దొరికింది బిమల.

"నమస్తే భయ్యా," అంది ఆమె. "నా తెలుగు మా ఆజీ, అంటే నాయనమ్మ, నేర్పిన తెలుగు. తప్పులుంటాయి. సార్జెంట్‌కి ముందే చెప్పాను."

క్యాసెట్ తిరిగింది. గరగరల మధ్య డాక్టర్ గొంతు, కాస్త విసుగ్గా, ఆకలి మీదున్న గొంతు.

"లీలా, నేనే. రెండూ వాయించి చూశాను. ఒకటి పలకలేదు. ఇంక వదిలేశాను. వచ్చేస్తున్నా, వచ్చేసరికి నువ్వుంటే అన్నం పెట్టు."

బాలశౌరి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఇంకోసారి."

"ఒక్కసారన్నాను."

"నీ కేసు ఈ క్యాసెట్ మీదే నిలబడింది సార్జెంట్. రెండోసారి వింటే కూలుతుందని భయమా?"

మెర్సర్ చెవులు ఎర్రబడ్డాయి. బటన్ నొక్కాడు. రెండోసారి విన్నాక బాలశౌరి ఆమె వైపు తిరిగాడు.

"బిమల గారూ, వాయించడమంటే మీరేం అర్థం చేసుకున్నారు?"

"కొట్టడం. అల్లరి చేస్తే ఆజీ అనేది, వీపు వాయిస్తానని. ఇంకో అర్థం ఉందా?"

"డోలు వాయిస్తారు, వీణ వాయిస్తారు, గంట వాయిస్తారు. వాయిస్తే పలుకుతుంది. పలకడమంటే మనుషులు మాట్లాడటమే కాదు, వీణ తీగె కూడా పలుకుతుంది. సరే, అదలా ఉంచండి, ఎటైనా లాగొచ్చు. ఆయన రెండూ అన్నారా, ఇద్దర్నీ అన్నారా?"

"రెండూ."

"మీ ఇంటికి చుట్టాలు ఇద్దరొస్తే, మా ఇంటికి రెండు వచ్చాయి అంటారా?"

బిమల పెదవులు మాటల్ని చప్పుడు లేకుండా పలికి చూసుకుంటున్నాయి. ఇద్దరు పిల్లలు. రెండు మేకలు. ఒకడు, ఒకటి.

"హిందీలో దోనోం అంటే మనుషులకీ అదే, వస్తువులకీ అదే," అంది చివరికి. "ఇంట్లో మేం మాట్లాడేది ఎక్కువ హిందీయే. దోనోం అనుకున్నాను, బోత్ అని రాశాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "భయ్యా, ఒక మనిషిని నేనే జైల్లో పెట్టించానా?"

"ఏంటి, ఏమంటోంది?" అన్నాడు మెర్సర్.

"మా భాషలో మనుషుల్ని లెక్కపెట్టే మాట వేరు, వస్తువుల్ని లెక్కపెట్టే మాట వేరు. ఎంత కోపం వచ్చినా ఏలూరు మనిషి ఇద్దరు మనుషుల్ని రెండూ అనడు. లాజరస్ రెండు వస్తువుల్ని మోగించి చూశాడు. ఒకటి మోగలేదు. అవి రెండు జతల గొట్టాలు. ఈ మాట రికార్డయింది రెండు యాభై ఏడుకి, హాలరన్ చచ్చాడని ఊళ్ళో ఎవరికీ తెలియకముందు. నీ లిస్టులో ఒక్క జతే ఎందుకుందో ఇప్పుడు నువ్వు చెప్పాలి."

"భలే. వ్యాకరణంతో హత్య కేసు కొట్టేయిద్దామని వచ్చావన్నమాట."

"నీ దగ్గరున్న జతని వేలికి తగిలించి తట్టి చూడు. నేను ముట్టుకోను."

మెర్సర్ తటపటాయించాడు. కానీ ఎదుటివాడు తప్పని రుజువయ్యే అవకాశాన్ని వదులుకునే రకం కాదతను. చేతికి తొడుగు వేసుకుని బీరువాలోంచి గొట్టాలు తీశాడు. వేలికి తగిలించి పెన్నుతో తట్టాడు.

గది నిండా మోగింది. ఆ మోత ఆగడానికి చాలాసేపు పట్టింది. బిమల చెంపలు తుడుచుకుంటూ వింది.

"ఇది పలికిన జత," అన్నాడు బాలశౌరి. "పలకనిది ఎవరో మాయం చేశారు. దాని అతుకు దొంగపని అని లాజరస్ హాలరన్‌తో చెప్పాడు. ఆ షాపులో టంకం వేసేది ఎవరు?"

మెర్సర్ గొట్టాల్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టాడు. "టిల్లీ తల మీద ఏడు కుట్లు పడ్డాయి. మోగని గొట్టాలు తెచ్చి ఈ బల్ల మీద పెట్టు, అప్పుడు మాట్లాడదాం. లేకపోతే నాలుగింటికి మేజిస్ట్రేట్ ముందుకెళ్ళేది నా కాగితమే. షాపు నిన్ననే వదిలేశాం, తాళాలు టిల్లీ దగ్గరున్నాయి. వాణ్ణే అడుక్కో."

"నేను కోర్టుకొచ్చి నా తప్పు నేనే చెప్తాను," అంది బిమల ఇంగ్లీషులో, మెర్సర్ కళ్ళలోకి చూస్తూ.

"చెప్పమ్మా. కానీ గొట్టాలు లేకుండా అది ఒట్టి మాటే అవుతుంది."

అతనన్నది నిజమేనని బాలశౌరికీ తెలుసు. అందుకే ఒళ్ళు మండింది.

* * *

షాపు ముందు కారు ఆపేసరికి రెండు పద్దెనిమిది. పక్కనున్న జొన్నచేలో కాకటూ చిలకల్ని బెదరగొట్టే గ్యాస్ ఫిరంగి దబ్బుమని పేలింది. రెండు నిమిషాలకోసారి పొద్దంతా అది పేలుతూనే ఉంటుంది. ఆ శనివారం అసలు తుపాకీ మోత ఎవరి చెవినా పడకపోవడానికి కారణం అదే.

టిల్లీ తలకి కట్టుతో గుమ్మంలోకి వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. గోళ్ళలో నల్లటి మరకలు.

"ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చారు?"

"నిన్న సాయంత్రం. షాపులోకి రావడం ఇవాళే. ఏం కావాలి మేట్?"

"డాక్టర్ తరఫున వచ్చాను. స్ట్రాంగ్‌రూమ్ ఐదు నిమిషాలు చూడాలి."

టిల్లీ ఆలోచించాడు. వద్దంటాడనుకుంటే పక్కకి జరిగి దారి ఇచ్చాడు. బాలశౌరికి అది నచ్చలేదు, కానీ నాలుగు గంటల కోర్టు ముందు నచ్చకపోవడానికి టైమ్ లేదు.

స్ట్రాంగ్‌రూమ్ కాంక్రీటు గది. పొడుగు నాలుగు అడుగులు వేస్తే అయిపోతుంది. కిటికీ లేదు, ఇనప తలుపు, లైటు స్విచ్ బయట. ఒక గోడకి గొలుసులతో కట్టిన తుపాకులు, రెండో గోడకి ఖాళీ అరలు. ఎదురు గోడలో కప్పుకి జానెడు కిందగా గాలి కోసం రెండు ఇనప గొట్టాలు. ఒక్కోటి పిడికిలి పట్టేంత లావు. వాటి కింద మెట్ల స్టూలు, దాని మీద స్క్రూడ్రైవర్.

"రిపేరా?" అన్నాడు బాలశౌరి స్టూలు చూపిస్తూ.

"గాలి సరిగ్గా ఆడట్లేదు."

బాలశౌరి అరలోంచి విడి గొట్టాల జత ఒకటి తీశాడు. ఎవరిదో పాత తుపాకీది. కొక్కెం వెతికి వేలికి తగిలించి, జేబులోంచి పెన్ను తీశాడు. తట్టాడు. టంగుమంది.

"డాక్టర్ ఇలాగే చూశాడట," అన్నాడు.

"పెన్నుతో కాదు," అన్నాడు టిల్లీ. అంతా తెలిసినవాడి నవ్వొకటి అతని ముఖం మీద తిరిగింది. "పెళ్ళి ఉంగరంతో కొట్టాడు. పెద్ద తెలిసినవాడిలాగ."

బాలశౌరి గొట్టాల్ని మెల్లగా అరలో పెట్టాడు.

"రెండుంపావుకే మీ తల పగిలింది కదా. ఆయన ఉంగరంతో తట్టింది రెండున్నర దాటాక. ఆయన అది ఒక్క నాకే చెప్పాడు. మీకెవరు చెప్పారు?"

టిల్లీ ఒక్క అడుగు వెనక్కి వేశాడు. బాలశౌరి గుమ్మం చేరేలోపు ఇనప తలుపు మూసుకుంది. బయట గడియ పడింది, ఆ వెంటనే లైటు ఆరిపోయింది.

చీకటి. తలుపు మీద గుద్దితే చెయ్యి నొప్పి పుట్టింది కానీ చప్పుడు పుట్టలేదు. అరిచాడు. బయట ఫిరంగి దబ్బుమంది. ఈ గదిలో మనిషి అరిచినా, తుపాకీ పేలినా, బయటివాళ్ళకి కాకటూల్ని తోలుతున్నట్టే ఉంటుంది. యాభై రెండేళ్ళ వయసులో ఇంత తెలివితక్కువగా ఇరుక్కున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. కోపం పక్కనే భయం కూడా ఉంది, దాన్ని కాదనడం అనవసరం.

జేబులో లైటర్ వెలిగించి వాచీ చూశాడు. రెండు ముప్ఫై ఒకటి. ఆ వెలుగులోనే మెట్ల స్టూలూ, అరలో తుపాకులు శుభ్రం చేసే ఇత్తడి కడ్డీ కనబడ్డాయి. లైటర్ ఆర్పేశాడు, ఉన్న గాలిని దానికి పెట్టడం ఇష్టం లేక.

కడ్డీ పట్టుకుని తడుముకుంటూ స్టూలెక్కాడు. గాలి గొట్టాలు గోడ బయటికి వెళ్ళి వంపు తిరుగుతాయి, వెలుతురు రాదు. కానీ ఇనుము కదా, గట్టిగా మోగిస్తే రోడ్డు మీద వెళ్ళేవాడికైనా వినబడకపోదు. ఎడమ గొట్టం మీద కొట్టాడు. ఖంగుమని బయటిదాకా మోగింది. కుడిదాని మీద కొట్టాడు.

దబ్. అంతే. మెత్తగా, ముద్దగా.

చీకట్లో బాలశౌరి కదలకుండా నిలబడ్డాడు. డాక్టర్ గొంతు, విసుగ్గా, ఆకలిగా, చెవిలో వినబడినట్టే అయింది. రెండూ వాయించి చూశాను. ఒకటి పలకలేదు.

ఐదు రోజులు షాపుకి పోలీసుల సీలు. ఐదు రోజులు టిల్లీ ఆసుపత్రిలో. ఆ శనివారం దొంగ అతుకు సంగతి నిలదీసిన హాలరన్‌ని కాల్చాక, తన తల తను పగలగొట్టుకునే ముందు దాన్ని దాచడానికి అతనికి నిమిషాలే దొరికి ఉంటాయి. ఇవాళ తీసేద్దామని స్టూలు వేసుకున్నాడు. ఇంతలో ఇంకొకడు వచ్చాడు.

స్క్రూడ్రైవర్ కోసం తడుముకుని, కుడి గొట్టం మూతి జల్లెడ విప్పాడు. ఆఖరి మర జారి కింద పడింది. చెయ్యి పెడితే ఉన్ని గుడ్డ తగిలింది. వేళ్ళతో లాగాడు, రాలేదు. మోచేతి దాకా దూర్చి, గుడ్డని మెలిపెట్టి లాగితే బరువుగా కదిలింది. కదిలి, ఒక్కసారిగా గుండెల మీదికి వచ్చి పడింది. స్టూలు మీంచి పడబోయి నిలదొక్కుకున్నాడు. దాని వెనకే చల్లటి గాలి ముఖానికి కొట్టింది.

గుడ్డ విప్పి, లైటర్ వెలిగించాడు. పొట్టి జత. పక్కల పిట్టలు, తీగలు, తళతళలాడే నంబరు. వేలికి తగిలించి కడ్డీతో తట్టాడు. జుయ్‌మంది, సీసాలో ఇరుక్కున్న ఈగలాగా. బాలశౌరి నవ్వాడు. డాక్టర్ లాజరస్ బయటికొచ్చే దారి తన చేతుల్లో ఉంది, కిలోన్నర బరువుతో.

రెండు నలభై నాలుగు. ఇప్పుడు రెండు గొట్టాలూ ఖాళీ. కడ్డీతో మార్చి మార్చి కొట్టసాగాడు. ఖంగ్, ఖంగ్. రెండూ పలికాయి. ఫిరంగి పేలినప్పుడు ఆగి, అది ఆగగానే మళ్ళీ కొట్టాడు. రోడ్డు మీద కారో, ట్రాక్టరో, ఎవరో ఒకరు.

చప్పుడు ఆపి చెవి ఆనించాడు. గొట్టం అవతల కంకర మీద అడుగులు. దగ్గరికి వచ్చి ఆగాయి. నిచ్చెన గోడకి ఆనిన చప్పుడు.

"ఎవరది? నేను లోపల ఉన్నాను," అన్నాడు బాలశౌరి.

"తెలుసు మేట్." టిల్లీ గొంతు ఇనుములోంచి వస్తుంటే చెవి పక్కనే ఉన్నట్టుంది. "రెండోది కూడా మోగుతోందేంటా అని వచ్చాను. దొరికిందన్నమాట."

"మెర్సర్‌కి నేనిక్కడికొచ్చానని తెలుసు."

"వచ్చి, చూసి, రెండున్నరకే వెళ్ళిపోయావు. నీ కారు ఇప్పుడే తీసుకెళ్ళి దూరంగా వదిలొస్తాను. తాళాలు సీట్లోనే వదిలేశావు కదా."

వదిలేశాడు. ఐదు నిమిషాల పనే కదా అని.

కుడి గొట్టంలోంచి వస్తున్న చల్లగాలి ఆగిపోయింది. ఏదో తడి గుడ్డ లోపలికి దిగుతున్న మెత్తటి చప్పుడు. నిచ్చెన జరిగింది. కాసేపటికి ఎడమ వైపు గాలి కూడా ఆగింది.

బయట కారు స్టార్టయింది, తన కారే. కంకర మీద తిరిగి, రోడ్డెక్కి దూరమైంది. కోర్టుకి ఇంకా గంటకి పైగా ఉంది. అక్కడ బిమల తన తప్పు ఒప్పుకుంటుంది, మెర్సర్ గొట్టాలేవని అడుగుతాడు, డాక్టర్ గుమ్మం వైపు చూస్తారు.

బాలశౌరి కడ్డీ ఎత్తి ఎడమ గొట్టం మీద బలంగా కొట్టాడు. తర్వాత కుడిదాని మీద.

రెండూ వాయించి చూశాడు. రెండూ పలకలేదు.